జైపాల్ నాయిన

నేను ఏడవాలంటే కనీసం ఒక ఊరు మునగాలి. ఈ మాట నాది కాదు, మా ఆయనది. వరదో భూకంపమో లేని నవల నా చేతిలో నిలవదని, ఇంట్లో మనిషి జ్వరంతో మూలుగుతుంటే మాత్రం పుస్తకంలోంచి తలెత్తకుండా "గోలీ ఏస్కోండ్రి" అంటానని ఆయన ఫిర్యాదు. అందులో అబద్ధమేమీ లేదు. జ్వరాలు చూసీ చూసీ విసుగు పుట్టింది నాకు. అత్తగారి క్షయ, మామగారి పక్షవాతం, మా అమ్మాయి రచన కాన్పు, అన్నీ నా చేతుల మీదుగానే వెళ్లాయి. వాటిలో ఎక్కడా కూర్చుని ఏడవడానికి తీరిక దొరకలేదు.

అందుకే అరవై దాటాక చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కార్డు తీసుకుని, నాకు కావలసిన చావులు నేనే ఏరుకుని తెచ్చుకుంటున్నాను. విరిగిన వంతెన, పేలిన గని, ఒడ్డుకు రాని పడవ. పుస్తకం ఇటుకంత ఉండాలి. సగానికి వచ్చేసరికి ఊరికి ఊరే పోవాలి, ఎవరో ఒకరు మిగలాలి. ఆ మిగిలిన మనిషి చివరి అధ్యాయంలో ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిచి, పక్కన కూర్చున్నవాళ్ల చెయ్యి పట్టుకోవాలి. సరిగ్గా అక్కడ నేను ఏడుస్తాను. కొంగు తడిసేదాకా ఏడ్చి, ముఖం కడుక్కుని, టీ పెట్టుకుంటాను. అంత రుచైన టీ మళ్లీ ఇంకో పుస్తకం అయ్యేదాకా దొరకదు.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టుంది నీ చదువు" అంటారు మా ఆయన. అననివ్వండి. ఆయన పొద్దస్తమానం టీవీలో రాజకీయ నాయకుల తిట్లు వింటారు. దానికంటే నా భూకంపాలు నయం.

మాది అశోక్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. పక్కనున్న పాత ఇంటిని దాని వారసులు డెవలప్‌మెంట్‌కు ఇచ్చేశారు. తీసుకున్న బిల్డర్ పేరు జగదీశ్వర్. ఇల్లు కూల్చాడు, బండ పగలగొట్టాడు, రెండు సెల్లార్ల లోతు తవ్వాడు. తవ్వుతూ తవ్వుతూ మా ప్రహరీ కిందికి వచ్చేశాడు. మట్టి జారకుండా అడ్డం కట్టాలి కదా అని అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ హోదాలో మా ఆయన వెళ్లి అడిగితే, కుర్చీ వేసి టీ తాగించి పంపాడు. "మంచోడేనే, మర్యాద తెల్సినోడు" అని వచ్చారు మా ఆయన. మర్యాద మట్టిని ఆపుతుందా అని నేను అడిగితే, నవలలు చదివి చదివి నీకు అన్నీ కూలుతున్నట్టే కనిపిస్తయి అన్నారు.

ఆ రోజుకు ముందు రాత్రంతా వాన కురిసింది. మధ్యాహ్నం తిన్నాక బాల్కనీలో కూర్చుని భూకంపం నవలలో పడ్డాను. కథలో బడి కూలుతోంది. టీచరమ్మ పిల్లలను బల్లల కిందికి తోస్తోంది. నేను కొంగు చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడు నా కుర్చీ కదిలింది.

నిజం చెబుతున్నాను, మొదట రచయితను మెచ్చుకున్నాను.

తర్వాత చప్పుడు వచ్చింది. పుస్తకాల్లో రాసినట్టు ఉరుములా ఉండదది. పెద్ద గోనెసంచీని ఎవరో కసిగా చించినట్టు ఉంది. నేను లేచి చూసేసరికి మా ప్రహరీ గోడ నిలువునా గుంతలోకి నడిచి వెళ్తోంది. దాని వెనకాలే పార్కింగ్ గచ్చు పెచ్చులు పెచ్చులుగా విరిగి, రెండు స్కూటర్లను, నీళ్ల డ్రమ్మును ఈడ్చుకుంటూ వెళ్లింది. ఒక ఇనుప ఊచ మెలి తిరిగి పైకి లేచింది. మట్టి అంతా కిందికి పోసుకుపోయి, ఎర్ర దుమ్ము మూడో అంతస్తులో ఉన్న నా నోట్లోకి వచ్చింది. మా అపార్ట్‌మెంట్ పిల్లరొకటి మోకాళ్ల దాకా చీర ఎత్తినట్టు పునాదితో సహా బయటపడి నిలబడింది.

అందరూ మెట్ల మీద పడి దిగుతున్నారు. నేనూ దిగాను. చేతిలో పుస్తకం అలాగే ఉంది.

సందులోకి వచ్చేసరికి గుంత ఒడ్డున ఒక ఆడమనిషి ఉంది. నలభై ఐదేళ్లుంటాయేమో. కాలి దగ్గర స్టీలు టిఫిను డబ్బా బోర్లా పడి, అన్నం బురదలో కలిసింది. ఎగిరివచ్చిన ఇటుక దవడకు తగిలినట్టుంది, కింది పెదవి రెండుగా చీలి, నోట్లోంచి నెత్తురు గడ్డం మీదుగా జాకెట్టు దాకా కారుతోంది. ఆ నోటితోనే అరుస్తోంది.

"జైపాల్ నాయినా! జైపాల్ నాయినా! లోపలున్నడు, జైపాల్ నాయినా!"

సైటు సూపర్‌వైజర్ అవినాష్ అక్కడే ఉన్నాడు. పాతికేళ్ల మనిషి, నెత్తిన పసుపు టోపీ. కూలీ ఒక్కడూ లేడు. ఇలాంటి చోట్ల ముందు మట్టి వస్తుందని, దాని వెనక పోలీసులు వస్తారని వాళ్లకు తెలుసు. అందరూ మేస్త్రి వెంట నారాయణగూడ వైపు పరుగెత్తారట. అవినాష్ ఫోన్ తీసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి మేస్త్రికి చేశాడు.

"కృష్ణయ్యా, జైపాల్ అనెటోడు ఉన్నడా నీతోని?"

"ఉన్నడు సార్. గీడనే ఉన్నడు, ఫ్లైఓవర్ కింద."

"ఫోనియ్యి."

ఒక పడుచు గొంతు వచ్చింది. "అన్నా, జైపాల్‌ని. నాకేం గాలే. మంచిగున్న."

అవినాష్ ఆ ఫోనును ఆమె చెవి దగ్గర పెట్టాడు. "వినమ్మా. నీ జైపాల్ మంచిగున్నడు. నారాయణగూడల ఉన్నడు." ఆమె ఒక్క దెబ్బతో ఫోనును ఎగరగొట్టింది. అది గచ్చు మీద పడి అద్దం పగిలింది. "జైపాల్ నాయినా!" అని మళ్లీ అదే కేక.

"అరే! జైపాల్ మంచిగున్నడంటుంటే మల్ల నాయినా నాయినా అంటది. దీనికి మతి పోయింది. పక్కకు గుంజుండ్రి ఎవరన్నా" అన్నాడు అవినాష్, ఫోను తుడుచుకుంటూ.

ఇవతల వీధిలో మా వాళ్ల గొడవ ఇంకో రకం. గ్రౌండ్‌ఫ్లోర్ గోడ మీద పగులు మేం చూస్తుండగానే పాకుతోంది. జగదీశ్వర్ కారు దిగాడో లేదో మా ఆయన వెళ్లి అతని చొక్కా పట్టుకున్నారు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఒకరి చొక్కా పట్టుకోవడం నేను చూడలేదు.

"మట్టి నింపు! ముందుగాల మట్టి నింపు! పిల్లర్ కింద ఏం లేదురా, బిల్డింగ్ పోతది! ఇరవై ఇండ్లు పోతయి!"

"నింపిస్త సార్, ఇప్పుడే నింపిస్త. చొక్కా ఇడువుండ్రి" అన్నాడు జగదీశ్వర్.

ఎందుకు నింపించడు? అధికారులు వచ్చేసరికి గుంతే లేకపోతే లోతెంతో అడిగేవాడే ఉండడు. మా అవసరం, అతని అవసరం అంత చక్కగా కలిసిపోయాయి. చేయి ఊపాడు. వీధి పక్కన కొండలా పోసిన మట్టి దగ్గర జేసీబీ గర్జించి, తొట్టి నిండా ఎత్తింది.

నేను పరుగెత్తాను. నా నవలల్లో ఇలాంటప్పుడు ఏం చేయాలో ఉంటుంది. ఒక మనిషి చెయ్యి ఎత్తుతాడు. ఊరంతా నోరు మూసుకుంటుంది. అందరూ నేలకు చెవి ఆనిస్తారు. ఎక్కడో అడుగున టక్ టక్ మని వినిపిస్తుంది. నేనూ చెయ్యి ఎత్తాను. "ఆగుండ్రి! చప్పుడు చెయ్యకుండ్రి! వినాలె!" అని అరిచాను. అశోక్‌నగర్‌లో ఎవడు వింటాడు? వీధి మొదట్లో ఆటోలు హారన్లు కొడుతున్నాయి. కోచింగ్ పిల్లలు గోడలెక్కి వీడియోలు తీస్తున్నారు. నా ఎత్తిన చెయ్యి కూడా ఎవడి వీడియోలోనో పడే ఉంటుంది.

మొదటి తొట్టి మట్టి గుంతలో పడింది.

ఆమె దూకబోయింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మనూ ఇంకొకతనూ వెనక నుంచి పట్టుకున్నారు. ఆమె ఒకతని ముంజేతిని కండ ఊడేలా కొరికింది. అతను కేక పెట్టి ఆమె నడుం మీద కాలితో తన్నాడు. ఆమె బోర్లా పడి, పాక్కుంటూ మళ్లీ ఒడ్డు దగ్గరికే వెళ్లింది. "జైపాల్ నాయినా!"

అప్పుడు నా ఫోను మోగింది. వీధి అవతలి నుంచి మా ఆయన, పగుళ్ల కింద నిలబడొద్దని చెప్పడానికి కాబోలు, నాకే ఫోన్ చేస్తున్నారు. ఫోను మీద పేరు వెలిగింది. "రచన డాడీ."

చూస్తూ నిలబడిపోయాను. రచన డాడీ. జైపాల్ నాయిన.

ఆమె ఎవరినీ "నాయినా" అని బతిమాలడం లేదు. బతిమాలేది మనల్నయితే మన వైపు చూసేది. ఆ కేక వేసిన ప్రతిసారీ గుంతలోకే చూస్తోంది. లోపలున్నది జైపాల్ కాదు. జైపాల్ వాళ్ల నాన్న. ఆ ఫ్లైఓవర్ కింది జైపాల్ ఎవడో. ఈ కూలీలొచ్చే పాలమూరు వైపు జైపాల్‌లు ఊరికి నలుగురుంటారు. ఈమె జైపాల్ ఈమె కొడుకు, ఏ ఊళ్లో ఉన్నాడో.

ఇది నాకు తెలియకపోతే ఎవరికి తెలియాలి? మా ఆయన పేరు విఠల్. దేవుడి పేరు కావడం నా ఖర్మ. శనివారం భజనలో ఆడవాళ్లంతా గొంతెత్తి ఆ నామం పలుకుతుంటే నేను ఆ ఒక్క ముక్క మింగేసి చప్పట్లు కొడతాను. మా అత్తగారు పెట్టిన అలవాటు. ఆమె పోయినా అలవాటు పోలేదు. నేను చదివిన నవలల్లో శిథిలాల ముందు నిలబడిన ప్రతి పెళ్లామూ మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది, పేజీ నిండా పిలుస్తుంది. మొగుడి పేరు పలకని పెళ్లాం ఒక్క పుస్తకంలోనూ ఉండదు.

నేను ఆమె పక్కన కూలబడి భుజాలు పట్టుకున్నాను. "లోపలున్నది నీ మొగడా?"

తల ఊపింది. ఆ ఊపుకు నెత్తురు నా చీర మీద చిందింది.

రెండో తొట్టి పైకి లేస్తోంది. నేను అవినాష్ దగ్గరికి పరుగెత్తి, లోపలున్నది దాని మొగుడురా, మిషను ఆపమని అరిచాను. "లోపల ఎవ్వరు లేరు మేడం, మీరు జరుగుండ్రి" అని నన్ను మోచేత్తో నెట్టాడు. నా చేతిలో లైబ్రరీ పుస్తకం ఉంది, గట్టి అట్ట, ఇటుకంత. రెండు చేతులతో ఎత్తి అతని ముఖం మీద కొట్టాను. ముక్కులోంచి నెత్తురు బొటబొటా కారింది. భూకంపం పేజీలన్నీ బురదలో పడ్డాయి. వంగి ఒక సగం ఇటుక తీసుకుని జేసీబీ మీదికి విసిరాను. అద్దం పగిలి లోపలి మనిషి నుదురు చిట్లింది. తొట్టి గాల్లోనే ఆగిపోయింది.

జనం గొల్లుమన్నారు. మా ఆయన వచ్చి నా రెక్క పట్టుకుని లాగారు. "పిచ్చి లేసిందానే నీకు? మన ఇల్లు పోతున్నది!"

"దాని మొగడున్నడు లోపల!"

జగదీశ్వర్ వచ్చాడు. అతను అరవలేదు. అరిచేవాళ్లతో నాకు భయం లేదు, ఇలాంటివాళ్లతోనే. "మేడం, ఎవరి మొగడు? కూలోళ్లందరు ఉరికిండ్రు, దీని మొగడు గూడ ఉరికుంటడు. పేరు చెప్పమనుండ్రి. మేస్త్రిని ఫోన్ల అడుగుత. ఉంటే ఉన్నడంటడు, లేకుంటే లేడంటడు. పేరు లేకుండ ఎవడని అడగాలె? అవతల పిల్లర్ జారుతున్నది."

అతను చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే నా ఒళ్లు మండించింది.

మళ్లీ ఆమె ముందు కూర్చున్నాను. "నీ పేరేంది?"

"కురుమమ్మ."

"నీ మొగని పేరు చెప్పు, కురుమమ్మా."

"జైపాల్ నాయిన."

"గది కాదు. పేరు!"

ఆమె నా ముఖంలోకి చూసింది. అప్పటిదాకా గుంత మీదే ఉన్న కళ్లు మొదటిసారి నా మీదికి వచ్చాయి. "పలుకొద్దమ్మా" అంది. చీలిన పెదవిలోంచి గాలితో కలిసి వచ్చింది ఆ మాట. "పలికితే ఆయుష్షు తగ్గుతది. లోపల పానం తోటి కొట్లాడుతున్నడు. గిప్పుడు పలుకుమంటవా?"

పగిలిన అద్దంలోంచి జేసీబీ మనిషి నన్ను బండబూతులు తిడుతున్నాడు. వెనకాల పగులు మొదటి అంతస్తు దాటిందని ఎవరో కేక వేశారు. "నింపియ్యుండ్రి! నింపియ్యుండ్రి!" అని మా ఇరవై ఇళ్లవాళ్లూ ఒకే గొంతుతో అరుస్తున్నారు. దాంట్లో మా ఆయన గొంతూ ఉంది.

నేను లేచి నిలబడి మా ఆయన వైపు వేలు చూపించాను.

"చూడు. గాయన నా మొగడు. గాయన పేరు విఠల్. విన్నవా? విఠల్! విఠల్! విఠల్!"

చెయ్యి ఎత్తితే ఆగనివాళ్లు దీనికి ఆగారు. మా ఆయన నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయారు. నలభై ఏళ్లలో నా నోట ఆ పేరు వినడం ఆయనకు అదే మొదలు.

"సచ్చిండా? చెప్పు! నిలబడ్డడు చూడు, బండలెక్క! పేరు పలికితే ఎవ్వరు సావరు. చెప్పు!"

కురుమమ్మ తల అడ్డంగా ఊపింది. రెండు చేతులతో నోరు మూసుకుంది.

కొట్టాను. ఇటుక పగలగొట్టిన ఆ చెంప మీదే కొట్టాను. నా అరచెయ్యి తడిసింది. నోటికి అడ్డంగా ఉన్న ఆమె చేతులు లాగేసి మళ్లీ కొట్టాను. జుట్టు పట్టి తల గుంత వైపు తిప్పాను. "గా తొట్టి చూడు! అది పడ్డదంటే నువ్వే సంపినట్టు! చెప్తవా చెప్పవా?" అని మూడోసారి చెయ్యి ఎత్తాను. నేను ఎవరినీ అలా కొట్టలేదు, కన్న కూతురిని కూడా. కొట్టినందుకు పశ్చాత్తాపం ఉందా అని తర్వాత మా రచన అడిగింది. లేదన్నాను. ఇప్పుడూ అదే అంటాను.

"మాసయ్య!"

కడుపు చించుకుని వచ్చింది ఆ కేక. "మాసయ్య! మాసయ్య! ఓ మాసయ్యా!"

అవినాష్ ముక్కు పట్టుకునే, పగిలిన ఫోనులోకి అడిగాడు. "కృష్ణయ్యా. మాసయ్య అనెటోడు నీ కాడున్నడా?"

ఎవరో ఎవరినో అడుగుతున్నట్టు గుసగుసలు వినిపించాయి. తర్వాత మేస్త్రి గొంతు సన్నగా వచ్చింది. "మాసయ్యనా సార్... నీళ్లు తోడనీకి అడుగుకు దింపిన. మోటరు కాడ. మాతోని రాలే సార్."

మొదట దూకింది జేసీబీ మనిషి. నుదుటి మీద నేను పెట్టిన గాయం అలాగే కారుతుండగా గడ్డపార పట్టుకుని దూకాడు. అతని వెనక కోచింగ్ పిల్లలు ఫోన్లు జేబులో పెట్టుకుని దూకారు. మిషను పెడితే మనిషి తెగుతాడు కనుక చేతులతోనే తవ్వారు. తట్టలు, టిఫిన్ గిన్నెలు, ఎవరింట్లోదో ఒక పప్పు గరిటె. గోళ్లు లేచిపోయి వేళ్ల కొసలు ఎర్రగా తేలినా ఎవరూ ఆపలేదు. పైనుంచి మట్టి పెళ్లలు జారి ఇద్దరి తలలు పగిలాయి. ఒక స్కూటరును తాడు కట్టి లాగారు. ఆ తాడు పైకొస మా ఆయన నడుముకు చుట్టుకుని నిలబడ్డారు. నా వైపు చూడలేదు. ఫైరింజన్ దోమలగూడ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుందని ఎవరో చెబుతూనే ఉన్నారు.

కురుమమ్మ మాత్రం కదల్లేదు. పేరు పలికాక ఆమె మళ్లీ అరవలేదు. రెండు అరచేతులు నోటికి అదుముకుని, బయటికొచ్చిన దాన్ని లోపలికి కుక్కుతున్నట్టు కూర్చుంది.

పొద్దు వాలుతుండగా ముందు ఒక చెయ్యి దొరికింది. ఆ వేళ్లు కదిలాయి. తర్వాత తల, ఛాతీ. తొడల నుంచి కిందికి మా ప్రహరీ గోడ దిమ్మె పడి ఉంది. దాన్ని గడ్డపారలతో ఎత్తుతుంటే ఆ మనిషి పెట్టిన కేక విని సగం మంది చెవులు మూసుకున్నారు. లాగి బయటికి తీశారు. కాళ్లు కాళ్లలా లేవు. కానీ కళ్లు తెరిచి, నీళ్లు అన్నాడు.

ఆ ఒక్క మాటకు అశోక్‌నగర్ దద్దరిల్లింది. చప్పట్లు, ఈలలు. తెలియనివాళ్లు తెలియనివాళ్లను కావలించుకున్నారు. నేను బురదలో కూర్చుని ఏడ్చాను. ఏ పుస్తకమూ నన్ను అంతగా ఏడిపించలేదు. నా గొంతు, నా చెయ్యి, నా ఇటుక కలిసి ఒక మనిషిని బతికించాయని ఏడ్చాను. సంతోషం అంటే అదే అయితే, నాకు అంతకు ముందు సంతోషం తెలియదు.

ఆ రాత్రే మా పిల్లరుకు ఇనుప దిమ్మెలు ఆనించారు. ఇల్లు నిలిచింది. జగదీశ్వర్‌ను పోలీసులు తీసుకెళ్లారు, తెల్లారేసరికి వదిలేశారు.

మూడో రోజు బత్తాయిలు కొనుక్కుని సర్కారు దవాఖానకు బయలుదేరాను. మా ఆయన తోడు వస్తానన్నారు. ఆ రోజు నుంచి ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు, నేనూ ఆయన్ను ఎలా పిలవాలో తెలియక పిలవడం మానేశాను. అయినా వచ్చారు. ఆటోలో నేను ఆ మంచాన్ని ముందే చూసుకుంటున్నాను. తెల్లటి దుప్పటి, దిండుకు ఆనుకున్న మాసయ్య, పక్కన అతని చెయ్యి పట్టుకున్న కురుమమ్మ. నేను వెళ్లగానే ఆమె లేచి ఏదో అనబోతుంది, మాట రాదు, నన్ను పట్టుకుంటుంది. అవును, చివరి అధ్యాయం కోసమే వెళ్లాను. నా పుస్తకం బురదలో పోయింది కదా, నాకు ఒక చివరి అధ్యాయం బాకీ ఉందనుకున్నాను.

వార్డులో ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. నర్సును అడిగితే చెప్పింది. అంతసేపు నలిగిన కాళ్ల మీద నుంచి బరువు తీశాక, వాటిలోని విషమంతా ఒక్కసారి నెత్తురులో కలిసి కిడ్నీలు ఆగిపోతాయట. చాలామందికి అలాగే అవుతుందట. "పొద్దుగాలనే పోయిండమ్మా. ఆమె మార్చురీ కాడ ఉంటది."

ఏ నవలా నాకు ఈ ముక్క చెప్పలేదు. ఆ రాసేవాళ్లు దుర్మార్గులు, చెయ్యి పట్టుకోగానే పుస్తకం మూసేస్తారు.

మార్చురీ అరుగు మీద కురుమమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. దవడ వాచి నల్లబడింది. పెదవికి కుట్లు వేశారు. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు దూరంగా గోడకు తల ఆనించి నిలబడ్డాడు, అతనే జైపాల్ అయ్యుంటాడు. నేను దగ్గరికి వెళ్లాను. బత్తాయిల సంచీ ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.

ఆమె తల ఎత్తింది. నన్ను చూసింది. నా వెనక నిలబడ్డ మా ఆయన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"ఉన్నడు" అంది. "నీ మొగడు ఉన్నడు."

"కురుమమ్మా..."

"మూడు సార్లు పలికితివి. గంత మంది ముందట. ఏం గాలే. గట్లనే ఉన్నడు, బండలెక్క."

"పేరు వల్ల కాదమ్మా, మట్టి వల్ల. అడ్డం కట్టకుండ తవ్విండు గా జగదీశ్వర్. నువ్వు పలకకపోతే ఆ దినమే..."

నేను చెప్పింది నిజం. ఇవాళ అడిగినా అదే చెబుతాను. ఆమె లేచింది, నన్ను కొట్టింది. నేను ఆమెను కొట్టిన చెంప వైపే కొట్టింది. నా కళ్లద్దాలు ఎగిరిపోయాయి.

"మాసయ్య" అంది.

మళ్లీ కొట్టింది. "మాసయ్య." నా జుట్టు పట్టుకుని అరుగు స్తంభానికి మోదింది. "మాసయ్య." కుట్లు తెగి ఆమె నోట్లోంచి నెత్తురు నా ముఖం మీద పడింది. మా ఆయన అడ్డం రాబోతే నేనే చెయ్యి అడ్డం పెట్టాను. కొట్టనివ్వాలనే అనిపించింది. ఆమె పిడికిళ్లతో కొడుతోంది, మెడ మీద, ఛాతీ మీద, ఎక్కడ పడితే అక్కడ.

"గిప్పుడు పలుకమను! పలుకమను నన్ను! గిప్పుడేం తగ్గుతది? మాసయ్య! మాసయ్య! మాసయ్య!"

దెబ్బకొక పేరు. జైపాల్ పరుగెత్తుకొచ్చి తల్లిని వెనక నుంచి పట్టుకున్నాడు. చేతులు దొరికాయి కానీ ఆమె నోరు ఆగలేదు. మేము గేటు దాటి ఆటో ఎక్కేదాకా ఆ పేరు వినిపిస్తూనే ఉంది.